గిటారు మెడ వెనక పట్టీ

శనివారం ఉదయం ఏడుంపావుకు గిటారు పెట్టె మూత ఎత్తిన హోబార్ట్ స్ట్రౌడ్, గిటారు మెడ వెనక ఎవరో ఆనెకాయల పట్టీ అంటించి ఉండటం చూసి, చేతిలో ఉన్న కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

అరికాలి ఆనెలకు వేసుకునే పట్టీయే. గుండ్రంగా, కోటు బొత్తామంత, లేత గోధుమరంగులో ఉంది. తీగలు నొక్కే రెండో మెట్టుకు సరిగ్గా వెనక, మెడకు నట్టనడుమ కొలిచి అంటించినట్టుంది. పొరపాటున అంటుకున్నదనుకోవడానికి లేదు. గిటారుకు ఆనెకాయలు రావు.

హోబార్ట్ వీధి తలుపు వైపు చూశాడు. వంటింటి తలుపు వైపు చూశాడు. రెండూ ముప్పై ఏళ్ళుగా తాళం ఎరగని తలుపులే. డ్రేక్స్ ఫోర్క్‌లో ఎవరింట్లోకైనా ఎవరైనా రావచ్చు. వచ్చినవాళ్ళు మామూలుగా టమాటాలో, గుమ్మడికాయో పెట్టి పోతారు. ఇలాంటిది పెట్టి పోవడం ఇదే మొదలు.

నిజానికి అతని పథకం చాలా చిన్నది. భార్య లొరీన్ తెల్లవారుజామునే ఫైర్ స్టేషన్ హాలుకు వెళ్ళిపోయింది. సాయంత్రం నాలుగింటికి అక్కడ ఏటేటా జరిగే వాద్యగోష్ఠి. రెండు వందల మందికి సరిపడే, మాంసమూ కూరలూ వేసి కాచే బర్గూ పులుసు కలియబెట్టే గరిటె ఆమె చేతిలో ఉంటుంది. ఇల్లు ఖాళీ. ఎవరూ వినకుండా ఒక్క గంట సాధన చేసుకోవాలి. అంతే.

ఎవరూ వినకుండా ఎందుకంటే, హోబార్ట్ దగ్గర ఒక రహస్యం ఉంది.

ఆ కెంటకీ లోయలో గిటారు వాయించడమంటే బొటనవేలితో వాయించడం. ఎడమ చేతి నాలుగు వేళ్ళూ సన్న తీగల సంగతి చూసుకుంటుంటే, బొటనవేలు మెడ వెనక నుంచి పైకెక్కి, అంచు దాటి వచ్చి, లావు తీగను నొక్కాలి. మీసాలు మొలవకముందే తండ్రులు కొడుకులకు నేర్పే విద్య అది. వేరు వేరు చర్చిలకు పోయే బాప్టిస్టులూ మెథడిస్టులూ ఒకే గిన్నెలో పులుసు తాగుతారు గాని, బొటనవేలు మెడ వెనక దాచుకుని వాయించేవాణ్ణి మాత్రం పక్కన కూర్చోబెట్టుకోరు. అలాంటి ఊళ్ళో నలభై ఒక్క ఏళ్ళుగా గోష్ఠి మొదలయ్యేది హోబార్ట్ బొటనవేలితోనే. అతని తండ్రి కట్టిన పాట అది. మొదట లావు తీగ మీద ఎనిమిది స్వరాలు, ఒంటరిగా, బొటనవేలు ఒక్కటే నడిచి వస్తుంది. ఆ ఎనిమిదీ అయ్యాకనే మిగతా వాద్యాలు కలుస్తాయి. అవి వినబడందే ఎవరూ పులుసు గిన్నె ముట్టరు.

గత అక్టోబరులో ఆ బొటనవేలు వంగడం మానేసింది. మొదటి కణుపు అరిగిపోయిందని పట్నం డాక్టరు ఫోటో తీసి మరీ చూపించాడు. హోబార్ట్ ఆ ఫోటోను తన పికప్ లారీ సీటు కింద దాచాడు. నెలనెలా జరిగే చిన్న గోష్ఠుల్లో మనిషెత్తు బేసు తీగవాద్యం వాయించే నేస్తం జూనియర్ పక్కన కుర్చీ వేసుకుని, ఆ పెద్ద బేసు చప్పుడు చాటున లావు తీగను వదిలేస్తూ వచ్చాడు. ఎవరూ పట్టుకోలేదు. కాని ఈ రోజు ఆ ఎనిమిది స్వరాలకు చాటు లేదు. అవి పలక్కపోతే, నాన్న పాట తన చేతిలోనే ఆగిపోయిందని ఊరందరికీ తెలుస్తుంది.

ఇప్పుడు ఈ పట్టీ.

కౌంటీ మొత్తంలో ఇలాంటి పట్టీలు గిటార్లకు అంటించే మనిషి ఒక్కతే. మిస్ మెరిడిత్ పేన్. రెండేళ్ళ కింద స్కూలుకు వచ్చిన సంగీతం టీచరు. చర్చి కింది గదిలో పదకొండు మంది పిల్లలకు గిటారు నేర్పుతుంది, అదీ బొటనవేలు వెనక పెట్టించి. ప్రతి గిటారు మెడకూ ఒక పట్టీ. పిల్లల వేలు చూడకుండానే ఆ చోటు తడుముకుంటుందట. ఆ మధ్య చర్చి విందులో ఆమె హోబార్ట్ పక్కన కూర్చుని మెల్లగా అంది కూడా: "హోబార్ట్ గారూ, బొటనవేలు వెనక్కి పెట్టి చూడండి. చెయ్యి నొప్పెట్టదు."

"మా నాన్న చెయ్యి ఎనభై ఏళ్ళూ నొప్పెట్టలేదమ్మా," అన్నాడతను అప్పుడు.

ఇప్పుడు ఆ మాట మళ్ళీ చెవిలో మోగింది. నొప్పి సంగతి ఆమె ఎందుకెత్తింది? గురువారం సాయంత్రం లొరీన్ పంపిన పళ్ళెం తిరిగిస్తానంటూ ఇంటికెందుకొచ్చింది? లొరీన్ పెరట్లో ఉండగా ఆ పిల్ల ముందు గదిలో రెండు నిమిషాలు ఒంటరిగా ఉంది. గిటారు పక్కనే!

ఆమెకు తెలిసిపోయింది.

హోబార్ట్ వెన్న కత్తి తెచ్చి పట్టీని గీకడం మొదలుపెట్టాడు. ఆనెకాయల పట్టీ తయారుచేసినవాడు గట్టివాడు. రెండు మైళ్ళు నడిచినా ఊడకూడదని చేశాడు. అంచు కూడా లేవలేదు.

అప్పుడే గోడ మీది ఫోన్ మోగింది.

"ఏరా, వేళ్ళు సాపు చేసుకుంటున్నావా?" జూనియర్ హేజెల్‌వుడ్. ఊరి మంగలి, గోష్ఠికి అధ్యక్షుడు. వయసు అరవై ఎనిమిది. తండ్రి పోయి ముప్పై ఏళ్ళయినా ఊరికి అతను జూనియరే.

"సాపు లేదు, గీపు లేదు. ఎవరో నా గిటారు ముట్టుకున్నార్రా," అనేశాడు హోబార్ట్. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు.

"ముట్టుకున్నారా? ముట్టుకుని ఏం చేశారు?"

"ఏం లేదు. మెడ వెనక చిన్న పట్టీ..."

లైను తెగిపోయింది. నాలుగు నిమిషాల్లో జూనియర్ లారీ గుమ్మం ముందు ఆగింది. జూనియర్ చేతిలో ఇంకా కత్తెర ఉంది. అతని వెనకే ఎల్‌బర్ట్, సగం మొహానికి సబ్బు నురగతో దిగాడు. ఎల్‌బర్ట్ బాంజో వాయిస్తాడు. మిగతా సమయంలో ఏమీ మాట్లాడడు.

జూనియర్ గిటారును తిరగేసి, శవాన్ని పరీక్షించే పోలీసులా పట్టీ చుట్టూ వేలితో గీశాడు.

"ఇది ఆ అమ్మాయి పనే. దొంగచాటుగా నీ ఇంట్లో దూరి, మీ నాన్న గిటారుకే పట్టీ వేసిందంటే, రేపు మన మెడలకు వెయ్యదా?"

"పోనీలేరా. చిన్నపిల్ల."

"నువ్వు మంచోడివి కాబట్టి పోనీ అంటున్నావ్. నేను మంచోణ్ణి కాను. ఏం ఎల్‌బర్ట్?"

ఎల్‌బర్ట్ నవ్వి తలూపాడు. నురగ చొక్కా మీద పడింది.

"చూశావా, ఎల్‌బర్ట్‌కే కోపమొచ్చింది! సరే, విను. మా కోడలు కొన్న వీడియో కెమెరా ఉంది. నువ్వు ఆ ఎనిమిది స్వరాలూ వాయిస్తుంటే నీ ఎడమ బొటనవేలి మీద పెడతా. స్టేజీ పక్కన చర్చి వాళ్ళ పెద్ద టీవీ. అందులో నీ వేలు గుమ్మడికాయంత కనబడాలి. వేలు ఎక్కడుండాలో పిల్లలందరికీ ఈ రోజుతో తెలిసిపోవాలి."

హోబార్ట్ ఆ టీవీని ఊహించుకున్నాడు. గుమ్మడికాయంత బొటనవేలు. వంగని గుమ్మడికాయ. రెండు వందల మంది ముందు.

చేతిలో వెన్న కత్తి ఉంది. ఆ కత్తి వైపు చూశాడు. మనిషి మునిగిపోయేటప్పుడు గడ్డిపోచ కాదు, వెన్న కత్తి దొరికినా పట్టుకుంటాడు.

"అమ్మా!" అని అరిచి బొటనవేలు గుప్పిట్లో దాచుకున్నాడు. "తెగిందిరా! గీకుతుంటే తెగింది!"

స్నానాల గదిలోకి పరిగెత్తి, తలుపు గడియ వేసి, చిన్న గాటైనా లేని వేలికి గజం గుడ్డ చుట్టాడు. బయటికి వచ్చేసరికి వేలు కోడిగుడ్డంత అయింది. జీవితంలో అతను ఇంత చక్కటి అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. అందువల్ల అది ఎంత దూరం పోతుందో అతనికి తెలియదు.

అది జూనియర్ మంగలి కొట్టు దాకా పోయింది. అక్కడి నుంచి ఇక ఎక్కడికైనా పోగలదు.

తొమ్మిదింటికి, టీచరు అంటించిన పట్టీ వల్ల హోబార్ట్ వేలు తెగింది. పదిన్నరకు, పట్టీ కింద బ్లేడు ముక్క ఉంది. పన్నెండింటికి ఆ బ్లేడు తుప్పుపట్టింది. ఒంటిగంటకు హోబార్ట్ బొటనవేలు మొదటి కణుపు దాకా లేదు. మిగిలినదాన్ని కాపాడటానికి పట్నం నుంచి డాక్టరు బయలుదేరాడు.

ఆ ఊళ్ళో కష్టం వచ్చిన ఇంటికి తిండి వస్తుంది. పదకొండింటికి చీజ్ వేసిన మాకరోనీ వచ్చింది. తర్వాత చిలగడదుంపల పళ్ళెం, చిక్కుళ్ళు, మళ్ళీ మాకరోనీ వచ్చాయి. తెచ్చినవాళ్ళెవరూ లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, కట్టు వైపు చూడకుండా చూసి, "ఏ చేయి?" అని గుసగుసగా అడిగి వెళ్ళారు. ఒంటిగంటంపావుకు తేనె పూసి కాల్చిన పెద్ద పంది తొడ, హామ్, దిగింది. హోబార్ట్ దాన్ని చూసి కుర్చీలో కూలబడ్డాడు. డ్రేక్స్ ఫోర్క్‌లో ఎవరైనా పోతే తప్ప హామ్ రాదు.

హామ్ వెనకాలే లొరీన్ వచ్చింది. ఏప్రన్ మీద పులుసు మరకలు, చేతిలో ఇంకా గరిటె ఉంది. అర మైలు దూరం నడిచి వచ్చినట్టు లేదు, పరిగెత్తి వచ్చినట్టుంది.

"ఎక్కడ? చూపించు."

"ఏం లేదు లొరీన్. చిన్న గాయం."

"కుట్లు పడ్డాయా? వేలుందా?"

"ఉంది. అందులోనే ఉంది."

ఆమె కట్టు వైపు చూసింది. గోడకు ఆనించిన గిటారు వైపు చూసింది. పట్టీ ఇంకా అక్కడే ఉంది. ఆమె మొహంలో రంగు పోయింది. "హోబార్ట్, ఆ పట్టీ..."

"దాని పేరెత్తకు."

"కాదు, నన్ను చెప్పనీ. తప్పంతా..."

"తప్పు నీది కాదు లొరీన్. నువ్వు బాధపడకు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలి సంగతి ఆమెకు కూడా తెలిసిపోయిందేమోనని అతనికి భయం వేసింది. మాట మార్చకపోతే కట్టు విప్పమంటుంది. "పులుసు మాడుతుంది, పో. రెండు వందల మంది పులుసు!"

పులుసు మాట విని లొరీన్ తుళ్ళిపడింది. గరిటె, పొయ్యి, ఎవరికీ అప్పగించకుండా వదిలేసి వచ్చిన పెద్ద కాగు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి. "ఉండు, వస్తా," అని వెనక్కి పరిగెత్తింది.

ఆమె వెళ్ళిన రెండు నిమిషాలకు ఫోన్ మోగింది.

"నిశ్చింతగా ఉండరా," అన్నాడు జూనియర్. గొంతులో విజయం ఉంది. "పాస్టరుతో మాట్లాడా. చర్చి కింది గదికి కొత్త తాళం పడింది. పిల్లల తల్లిదండ్రులకు కూడా కబురు పోయింది. సోమవారం నుంచి ఆ అమ్మాయికి నేర్పడానికి పిల్లలూ లేరు, గదీ లేదు."

"అదేంట్రా! ఆమె ఏమంది?"

"అదే విచిత్రం. అంటించింది నువ్వేనా అని పాస్టరు అడిగితే, కాదనలేదు, అవుననలేదు. తల దించుకుని నిలబడిందట. ఇంకేం సాక్ష్యం కావాలి?"

హోబార్ట్ ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత చాలాసేపు హామ్ ఎదురుగా కూర్చున్నాడు. పొద్దున అతను కాపాడుకోవాలనుకున్నది తన పరువు ఒక్కటే. దాని బదులు ఒక ఆడపిల్ల మంచిపేరు, పదకొండు మంది పిల్లల గిటారు చదువు పోయాయి. ఒక్క వేలికి ఇంత ధర ఉంటుందని అతను అనుకోలేదు. ఆమె పట్టీ అంటించిందే అనుకుందాం. బ్లేడు పెట్టలేదు కదా. గుడ్డ చుట్టింది ఎవరు?

మూడున్నరకు గిటారు తీసుకుని బయలుదేరాడు.

హాలు కిటకిటలాడుతోంది. అతను లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. చప్పట్లు లేవు. మగవాళ్ళు టోపీలు తీశారు. స్టేజీ పక్కన పెద్ద టీవీలో ఖాళీ కుర్చీ కనబడుతోంది. అది చూసి ఎవరో ముక్కు చీదారు. వెనక గోడ దగ్గర, తన గిటారు పెట్టెను గుండెకు హత్తుకుని, మిస్ మెరిడిత్ ఒంటరిగా నిలబడి ఉంది. ఆమెకు అటు మూడు, ఇటు మూడు కుర్చీలు ఖాళీ.

జూనియర్ మైకు అందుకున్నాడు. "మిత్రులారా, మన హోబార్ట్ బొటనవేలు..."

"అది ఇటివ్వరా," అని హోబార్ట్ మైకు లాక్కున్నాడు. కుర్చీలో కూర్చున్నాడు. కెమెరా ముందు ఎడమ చేయి చాపి, కట్టు విప్పడం మొదలుపెట్టాడు. గజం గుడ్డ విప్పడానికి చాలాసేపు పట్టింది. మొదటి వరసలో ఒక ముసలావిడ కళ్ళు మూసుకుంది.

టీవీ నిండా బొటనవేలు ప్రత్యక్షమైంది. గుమ్మడికాయంత. గోరుతో సహా, చెక్కుచెదరకుండా.

మొదటి వరస ముసలావిడ కళ్ళు తెరిచింది.

"తెగలేదు," అన్నాడు హోబార్ట్. "పట్టీ కింద బ్లేడూ లేదు, గీడూ లేదు. నేను అబద్ధమాడాను. ఇది అక్టోబరు నుంచి వంగడం లేదు. ఇదిగో, ఇంతే." టీవీలో వేలు కొంచెం కదిలింది, మొండికేసిన గాడిదలా అక్కడే ఆగిపోయింది. "ఆరు నెలలుగా నెలనెలా లావు తీగ వదిలేసి మిమ్మల్ని మోసం చేస్తున్నాను. మీరు విన్నది జూనియర్ బేసు. మా నాన్న పాట మొదలుపెట్టడం ఇక నావల్ల కాదు. అది చెప్పుకోలేక ఒక పిల్లను బలి పెట్టాను. ఆ గది తాళం తీసెయ్యండి."

జూనియర్ మొహం ఎర్రగా కందిపోయింది. హోబార్ట్ ఆ మొహం చూసి ఇక దెబ్బ పడుతుందనుకున్నాడు.

"ఒరేయ్ దొంగా," అన్నాడు జూనియర్ మెల్లగా. "నా చాటున దాక్కున్నావా? నా చిటికెన వేలు రెండేళ్ళుగా తెరుచుకోవడం లేదురా! సగం స్వరాలు నేను ఊరికే బేసు పొట్ట మీద కొడుతున్నా. నువ్వు లావు తీగ మీద కప్పేస్తున్నావు కదా అని ధైర్యంగా ఉన్నా!"

"మరైతే లావు స్వరాలు వాయిస్తున్నదెవరు?" అని జనంలోంచి ఎవరో అడిగారు.

ఎవరికీ తెలియలేదు. ఆరు నెలలుగా ఎవరూ వాయించలేదు. అందరూ విన్నారు.

ఎల్‌బర్ట్ లేచి నిలబడ్డాడు. గడ్డం ఇంకా సగమే ఉంది. "మీరంతా ఏదో ఒప్పుకుంటున్నట్టున్నారు," అన్నాడు గట్టిగా. "నాకు మూడేళ్ళుగా చెవులు వినబడవు. హోబార్ట్ కాలు ఎలా ఆడితే నేనలా వాయిస్తున్నా. పొద్దున కూడా ఎందుకు నవ్వానో నాకు తెలీదు."

హాలు ఒక్కసారిగా గొల్లుమంది. నవ్వులో ఏడుపు, ఏడుపులో నవ్వు. ఫిడేలు ఆయన భుజం ఎత్తలేనని ఒప్పుకున్నాడు. పాస్టరు జేబులోంచి తాళంచెవి తీసి మిస్ మెరిడిత్ చేతిలో పెట్టి, మొహం అటు తిప్పుకుని క్షమాపణ చెప్పాడు.

హోబార్ట్ స్టేజీ దిగి ఆమె దగ్గరికి వెళ్ళాడు. "అమ్మాయ్, నువ్వు పట్టీ అంటించడంలో తప్పు లేదు. నా మంచికే చెప్పావు. నాకే వినే బుద్ధి లేకపోయింది."

"నేను అంటించలేదండీ," అంది మెరిడిత్. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "ఎవరు అంటించారో మాత్రం తెలుసు. చెప్పనని మాటిచ్చాను."

"గదీ పిల్లలూ పోతున్నా చెప్పలేదా?"

"మాటిచ్చాను కదండీ."

జూనియర్ జేబులోని కత్తెర తీసి పైకెత్తాడు. "ఎవరు వాళ్ళు? ఈ హాల్లో ఉన్నారా?"

వంటగది కిటికీ దగ్గర గరిటె కింద పడిన చప్పుడైంది. అందరూ అటు తిరిగారు. లొరీన్ ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆమె తిన్నగా మెరిడిత్ దగ్గరికి వెళ్ళి, పెట్టెలోంచి గిటారు తీసుకుని, మొగుడి ఎదురుగా నిలబడింది.

"నేనే. మంగళవారం, గురువారం నువ్వు జూనియర్ కొట్లో కబుర్లకు పోగానే, నీ గిటారు పట్టుకుని చర్చి కింది గదికి పోతున్నా. నవంబరు నుంచి. నీ వేలు సంగతి నాకు తెలీదనుకున్నావా? ఊరగాయ సీసాలన్నీ తెచ్చి 'నువ్వు తియ్యి లొరీన్' అన్నప్పుడే తెలిసింది. నలభై నాలుగేళ్ళలో ఒక్క మూత నా చేత తీయించావా? చెప్తావేమోనని చూశా. చెప్పలేదు. సరే, నువ్వు దాచుకుంటే నేనూ దాచుకుంటా అనుకున్నా. నా చెయ్యి చిన్నది, నీలాగా వేలు పైకి రాదు. అందుకని ఈ పిల్ల వెనక పట్టీ పెట్టుకోమంది. నేర్చుకున్నదల్లా ఆ మొదటి ఎనిమిది స్వరాలే. ఐదు నెలలు పట్టింది, నవ్వకండి. ఈ సాయంత్రం నీ చెయ్యి ఆగిపోతే పక్కనుంచి నేను అందుకుందామని. నిన్న నువ్వు చేపలకు పోయావని ఇంట్లోనే వాయించుకుంటుంటే గంటలో తిరిగొచ్చావు, నూనె రాసి పట్టీ ఊడదీసే తీరిక లేకపోయింది. మధ్యాహ్నం చెప్దామని వస్తే నోరు తెరవనిచ్చావా? ఇక కూర్చో. లావు తీగ నాకొదిలెయ్, మిగతావి నువ్వు చూసుకో. ఎలాగూ ఒప్పుకుంటున్నా కాబట్టి ఇదొకటి కూడా చెప్పేస్తా హోబార్ట్: నీ వేలు బాగున్న రోజుల్లో కూడా ఆ ఐదో స్వరం నువ్వు తప్పే వాయించావు."